వడ్డీ లేని బ్యాంకు నడుస్తుందా? – మీత్ గమ్ర్ ఇచ్చిన జవాబు

ఏడవ తరగతిలో బారువడ్డీ లెక్కలు చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "మాస్టర్ సాబ్, సూద్ హరామ్ అని మస్జిద్‌లో చెప్తారు గదా, మరి మీరు దాని లెక్కలు నేర్పుతున్నారేమిటి?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మా చెల్లెలి పెళ్ళికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. హరామ్ అని తెలిసే తెచ్చాను. వేరే దారి కనబడలేదు.

వేరే దారి నిజంగా లేదా? బీద దేశంలో వడ్డీ లేని బ్యాంకు నిలుస్తుందా? ఈ ప్రశ్నకు ఈజిప్టు దేశపు చరిత్రలో ఒక జవాబు ఉన్నది.

నైలు నది డెల్టాలో మీత్ గమ్ర్ అనే చిన్న పట్టణం ఉంది. చుట్టూ సేద్యం చేసుకునే పల్లెలు. వడ్డీ భయంతో అక్కడి రైతులు బ్యాంకు గడప తొక్కేవారు కాదు. ఉన్న నాలుగు డబ్బులు ఇంట్లోనే దాచుకునేవారు. అహ్మద్ అల్-నజ్జార్ అనే ఆర్థికవేత్త జర్మనీలో చదువుకొని, అక్కడి స్థానిక పొదుపు బ్యాంకులు సామాన్యుల చిల్లర డబ్బును ఎట్లా పెట్టుబడిగా మారుస్తున్నాయో చూచి వచ్చారు. ఆ పద్ధతిలోంచి వడ్డీని తీసివేసి, 1963 జులై 25న మీత్ గమ్ర్‌లో ఒక పొదుపు బ్యాంకు తెరిచారు.

అందులో మూడు రకాల ఖాతాలు ఉండేవి. మొదటిది పొదుపు ఖాతా. దీనిపై వడ్డీ లేదు. కావలసినప్పుడు డబ్బు తీసుకోవచ్చు, అవసరం పడితే వడ్డీ లేని చిన్న అప్పు పొందవచ్చు. రెండవది పెట్టుబడి ఖాతా. వ్యాపారంలో వచ్చిన లాభనష్టాలలో ఖాతాదారునికి వాటా. మూడవది జకాత్, దానాలతో నడిచే సహాయ నిధి. ఇది కష్టంలో ఉన్నవారి కోసం.

వడ్డీకీ వాటాకీ తేడా ఏమిటని కొందరు అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. నూటికి మూడు రూపాయల చొప్పున 10,000 రూపాయలు తెచ్చి దుకాణం పెట్టినవాడు, లాభం వచ్చినా రాకపోయినా ఏడాదికి 3,600 కట్టవలసిందే. సగం వాటా మీద ముజారబత్ పద్ధతిలో తెచ్చుకుంటే, లాభం 4,000 వచ్చిననాడు 2,000 ఇస్తాడు. అతని తప్పు లేకుండా నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడు సొమ్ము పోగొట్టుకుంటాడు, పని చేసినవాడు తన కష్టం పోగొట్టుకుంటాడు. అందుకే ఇక్కడ బ్యాంకు తాకట్టు చూచి ఊరుకుంటే చాలదు. మనిషినీ, అతని పనినీ, అతని ఖాతా పుస్తకాన్నీ కూడా చూడాలి. ఈ పద్ధతిలో మేలూ అదే, కష్టమూ అదే.

మొదటి ఏడాది ఖాతాదారులు సుమారు 17 వేలు. 1966–67 నాటికి రెండున్నర లక్షలు! డిపాజిట్లు 41 వేల ఈజిప్షియన్ పౌండ్ల నుంచి 18 లక్షలు దాటాయి. శాఖలు తొమ్మిదికి పెరిగాయి. విశేషమేమంటే, నాసర్ కాలంలో ప్రభుత్వానికి అనుమానం రాకూడదని నజ్జార్ ఇస్లాం పేరును ముందుకు తేలేదు. అయినా 1967లో ప్రభుత్వ బ్యాంకులు దానిని తమలో కలుపుకున్నాయి. వడ్డీ లేని పద్ధతి అంతటితో ఆగిపోయింది. కాని ఆ ఆలోచన చావలేదు. 1971లో అదే దేశంలో వడ్డీ లేని నాసర్ సోషల్ బ్యాంకు ఏర్పడింది. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది. మలేషియాలో హజ్ యాత్రికుల పొదుపు సంస్థ 1963లోనే మొదలై, తబుంగ్ హాజీ పేరుతో ఈనాటికీ నడుస్తున్నది.

ఇక రెండవ పాఠం కూడా ఈజిప్టుదే. 1980లలో ఇస్లాం పేరు పెట్టుకున్న పెట్టుబడి కంపెనీలు బ్యాంకుల కంటే ఎంతో ఎక్కువ రాబడి ఆశచూపి ప్రజల సొమ్ము పోగుచేశాయి. లెక్కలు చూపించలేదు. 1988లో ప్రభుత్వం వాటిపై చట్టం తెచ్చేసరికి ఎందరో తమ కష్టార్జితం పోగొట్టుకున్నారు. గడ్డాన్నీ తస్బీహ్‌నూ చూచి సొమ్ము ఇవ్వరాదని, ఆడిట్ చూచి ఇవ్వాలని దీని అర్థం.

ఈ మాట మనకు కొత్తది కాదు. నిజాం కాలంలోనే హైదరాబాదులో వడ్డీ లేని అప్పుల సంఘాలు పని చేశాయి. ఈ ఊరివారైన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటిని గూర్చి వ్రాసి లోకానికి తెలిపారు. మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని తేల్చింది. పెద్ద బ్యాంకు సంగతి ప్రభుత్వం చూచుకుంటుంది. కాని పది కుటుంబాలు నెలనెలా కొంత కూడబెట్టి, ఒకరి అవసరానికి ఒకరు ఖర్జె హసన్ ఇచ్చుకుని, పైసా పైసాకూ లెక్క వ్రాసుకోవడం మన చేతిలో పని. మీత్ గమ్ర్ కూడా చిల్లరతోనే మొదలైంది.

ఆ కుర్రవానికి తరువాత ఒకనాడు జవాబు చెప్పాను. "బేటా, వడ్డీ ఎంత తింటుందో లెక్క కట్టగలిగినవాడే దానినుంచి తప్పించుకునే ఉపాయం వెదుకుతాడు. అందుకే నేర్చుకో." నాకా తెలివి చెల్లెలి పెళ్ళికి ముందే వచ్చి ఉంటే బాగుండేది. అమానత్‌ను కాపాడే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.