నక్షత్రాల లెక్క తప్పించేది అంతరిక్షమే!

నక్షత్రాల స్థానాలు కొలవడానికి 1989 ఆగస్టులో యూరప్ హిప్పార్కస్ శాటిలైట్‌ని పంపింది. కానీ పైకెళ్లాక కక్ష్య మార్చాల్సిన మోటార్ మండలేదు! దాంతో ప్రతి చుట్టులోనూ వాన్ అలెన్ రేడియేషన్ బెల్టుల్లోంచి వెళ్లాల్సొచ్చింది. సోలార్ ప్యానెళ్లు దెబ్బతిన్నాయి, గైరోలు ఒక్కొక్కటే పోయాయి. అయినా ఇంజనీర్లు 1993 దాకా నడిపించారు. 1997లో లక్షా 18 వేల నక్షత్రాల కేటలాగ్ వచ్చింది.

2013లో వెళ్లిన గైయాని ఆ బెల్టులకి దూరంగా, 15 లక్షల కిలోమీటర్ల అవతల పెట్టారు. అక్కడ మాత్రం ప్రశాంతంగా ఉందా? అద్దాలకి మంచు పట్టింది. 2024 ఏప్రిల్‌లో ఇసుక రేణువుకన్నా చిన్న కణం తగిలి కవచం దెబ్బతింది. ఆ సందులోంచి ఎండ దూరింది. తర్వాత ఒక సెన్సర్ కూడా పోవడంతో, లేని నక్షత్రాలు వేలల్లో కనిపించాయి! అప్పుడు టీమ్ సాఫ్ట్‌వేర్‌లో గుర్తింపు పరిమితిని పెంచి సరిచేసింది.

చూశారా, కచ్చితత్వమంటే మంచి కెమెరా ఒక్కటే కాదు. తప్పు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవడం కూడా.