రక్షణ భారం ఎవరిది? మధ్యయుగ క్రైస్తవ తీర్థయాత్రికుల భద్రతా ఏర్పాట్లు (11–15 శతాబ్దాలు)

వ్యాససంగ్రహం

పదకొండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం వరకు ఐరోపా క్రైస్తవులు యెరూషలేము, రోము, సాంతియాగో క్షేత్రాలకు పెద్దసంఖ్యలో యాత్రలు చేశారు. దోపిడి, అక్రమ సుంకాలు, రోగం, ఓడప్రమాదం, తొక్కిసలాట వారికి దారిపొడవునా ఎదురైన ముప్పులు. వాటిని తగ్గించడానికి చర్చి, రాజులు, సన్న్యాస సంఘాలు, వెనిస్ ప్రభుత్వం చేసిన ఏర్పాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాత్రికుని రక్షణ అతని సొంత భారంగా మొదలై క్రమంగా సంస్థల బాధ్యతగా మారిందనీ, ఆ బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాసుకున్న చోటనే ఏర్పాట్లు నిలిచాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తీర్థయాత్ర, మధ్యయుగ ఐరోపా, హాస్పిటలర్లు, టెంప్లర్లు, వెనిస్, జూబిలీ, తొక్కిసలాట.

1. ఉపోద్ఘాతం

మధ్యయుగ క్రైస్తవ యాత్రికుడు ఇల్లు విడిచే ముందు అప్పులు తీర్చేవాడు, వీలునామా రాసేవాడు, తాను కష్టపెట్టినవారిని క్షమాపణ కోరేవాడు. ఊరి చర్చిలో గురువు అతని చేతికర్రనూ భుజానికి తగిలించుకొనే జోలెనూ ఆశీర్వదించి ఇచ్చేవాడు. తిరిగి రాకపోవచ్చునన్న ఎరుక ఈ క్రమమంతటిలో కనిపిస్తుంది. మరణానికి సిద్ధపడటమే తొలినాళ్ళలో యాత్రాసన్నాహం. మరణాన్ని తప్పించే ఏర్పాటు ఇంకా ఎవరి బాధ్యతగానూ లేదు.

క్రీ.శ. 1000 ప్రాంతంలో హంగరీ రాజు స్తెఫాను క్రైస్తవాన్ని స్వీకరించడంతో కాన్‌స్టాంటినోపుల్ మీదుగా యెరూషలేముకు భూమార్గం సుగమమైంది. ఒంటరిగానో చిన్న బృందాలుగానో సాగిన యాత్రలు వేలమంది కలిసి నడిచే సమూహయాత్రలయ్యాయి. సంఖ్య పెరిగితే రక్షణ పెరుగుతుందని సాధారణంగా భావిస్తారు. అప్పటి అనుభవం అందుకు విరుద్ధమైన సాక్ష్యాన్ని కూడా ఇస్తుంది.

2. సమూహబలం, దాని పరిమితి: 1064–65 జర్మను యాత్ర

1064 శరత్తులో మైంజ్ ఆర్చిబిషప్పు సీగ్‌ఫ్రీడ్, బాంబెర్గ్ బిషప్పు గుంథర్ మొదలైనవారి నాయకత్వంలో ఒక మహాయాత్ర బయలుదేరింది. యాత్రికుల సంఖ్యను సమకాలీన వృత్తాంతకారులలో కొందరు 7,000 అనీ, కొందరు 12,000 అనీ రాశారు. సంఖ్యలో అతిశయోక్తి ఉన్నా, అది ఆ శతాబ్దపు పెద్ద యాత్రలలో ఒకటి అనడంలో సందేహం లేదు.

1065 గుడ్ ఫ్రైడే నాడు, మార్చి 25న, రమ్లా సమీపంలో దారిదోపిడిగాళ్ళు వారిపై పడ్డారు. యాత్రికులు ఒక ప్రహరీగల కట్టడంలో తలదాచుకొని కొన్నిరోజులు ఎదురు నిలిచారు. యాత్రలో ఉన్నవారు ఆయుధం పట్టవచ్చునా అన్న ధర్మసందేహం వారిలో కొందరిని మొదట నిలిపివేసింది. చివరికి వారిని కాపాడినది రమ్లాలోని ఫాతిమీ అధికారి పంపిన సైన్యం. క్రైస్తవ యాత్రికులను ముస్లిం పాలకుని సేన రక్షించిన ఈ ఘటనను తరువాతి క్రూసేడు యుగపు ప్రచారం మరుగునపడేసింది. యాత్రికులు వచ్చి పోతేనే ఆ ప్రాంతపు పాలకులకు ఆదాయం. దారి భద్రత వారికీ అవసరమే.

ఈ దాడికి కారణం చెబుతూ హెర్స్‌ఫెల్డ్ లాంబెర్ట్ అనే వృత్తాంతకారుడు బిషప్పుల ఆడంబరాన్ని తప్పుపట్టాడు. వారి వైభవప్రదర్శనే దొంగలను రప్పించిందని అతని అభిప్రాయం. వేలమంది కలిసి నడిచినా దారి తెలిసిన కాపలా, స్థానిక పాలకునితో ముందస్తు ఒప్పందం, నిరాడంబరత లేకపోతే ఆ సంఖ్యే ముప్పును పిలుస్తుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

3. శాసనం, సుంకం, దారిపుస్తకం

యాత్రికునికి చర్చి ఇవ్వగలిగిన తొలి రక్షణ శాసనరూపమైనది. 989లో షారూ సభతో మొదలైన ‘దైవశాంతి’ ఉద్యమం నిరాయుధులపై దౌర్జన్యాన్ని పాపంగా ప్రకటించింది. 1123లో జరిగిన మొదటి లాటెరన్ మహాసభ రోముకూ ఇతర క్షేత్రాలకూ వెళ్ళేవారిని దోచినా, కొత్త సుంకాలతో వేధించినా చర్చి సహవాసం నుంచి వెలివేయాలని నిర్ణయించింది. వెలి ఆ సమాజంలో చిన్న శిక్ష కాదు. అయితే దానికి భయపడేవాడు అప్పటికే చర్చి మాట వినేవాడు. అడవిలో కాచుకున్న దొంగకు ఆ శాసనం అందదు.

దొంగల కంటే నిత్యమైన పీడ సుంకాలది. సాంతియాగో దారిలో వాల్కార్సే లోయ దగ్గరి కోటలో యాత్రికుల నుంచి వసూలు చేస్తున్న సుంకాన్ని లియోన్ రాజు ఆరో అల్ఫోన్సో 1072లో రద్దు చేశాడు. ప్రయాణికుని నిస్సహాయతను ఆదాయంగా మార్చుకొనే ఆచారాన్ని రాజు స్వయంగా నిలిపివేసిన సందర్భమిది. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి అభయశాసనంలో ఓడవర్తకులకిచ్చిన హామీ వెనుక ఉన్న ఆలోచనా ఇటువంటిదే. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాలకులు సొంతం చేసుకొనే ఆచారాన్ని ఆయన మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటానన్నాడు. పన్నుకు హద్దు గీయడం రెండుచోట్లా భద్రతలో భాగమైంది.

పన్నెండో శతాబ్దపు ‘కోడెక్స్ కలిక్స్తినుస్’ అనే గ్రంథంలోని యాత్రామార్గదర్శి ఈ కష్టాలను దారివెంట నమోదు చేసింది. నదుల దగ్గర పడవవాళ్ళు అధికంగా జనాన్ని ఎక్కించి, పడవ మునిగాక శవాలను దోచేవారని హెచ్చరించింది. కొద్దిమందితోనే పడవ ఎక్కాలనీ, గుర్రాన్ని పడవలో ఎక్కించక కళ్ళెం పట్టి నీటిలో నడిపించాలనీ సలహా ఇచ్చింది. ఏ నది నీరు తాగదగినదో, ఏది గుర్రాలకు ప్రాణాంతకమో పేర్లతో చెప్పింది. ఒకరి చేదు అనుభవాన్ని తరువాతివారి జాగ్రత్తగా మార్చడంలో ఈ పుస్తకం గట్టి ముందడుగు. అయినా జాగ్రత్తపడవలసిన భారాన్ని అది యాత్రికునిపైనే ఉంచింది.

4. సత్రం, ఖడ్గం

పదకొండో శతాబ్దం మధ్యలో ఇటలీలోని అమాల్ఫీ వర్తకులు యెరూషలేములో ఒక సత్రం నెలకొల్పారు. జెరార్డ్ అనే సన్న్యాసి నిర్వహించిన ఆ సంస్థను 1113లో పోపు రెండో పాస్కల్ స్వతంత్ర సంఘంగా గుర్తించాడు. ‘హాస్పిటలర్లు’గా ప్రసిద్ధమైనది ఈ సంఘమే. 1182 నాటి వారి నియమావళి నలుగురు వైద్యులను నియమించాలనీ, మంచాలు తగినంత పొడవు వెడల్పులతో ఉండాలనీ, యాత్రలో ప్రసవించిన స్త్రీల బిడ్డలకు చిన్న ఊయలలు సమకూర్చాలనీ నిర్దేశించింది. ఊయల ప్రస్తావన చరిత్రకారునికి విలువైన ఆధారం. నిండు గర్భిణులు కూడా ఆ దారిలో నడిచారనీ, సంస్థ వారి అవసరాన్ని ముందుగానే ఊహించిందనీ అది చెబుతుంది.

దారిమీది భద్రత మాత్రం సత్రంతో తీరలేదు. 1119 ఈస్టర్ కాలంలో యెరూషలేము నుంచి యొర్దాను నదికి బయలుదేరిన యాత్రికులపై దాడి జరిగి సుమారు 300 మంది మరణించారనీ, 60 మంది బందీలయ్యారనీ ఆఖెన్ ఆల్బెర్ట్ రాశాడు. ఆ తరువాత కొద్దికాలానికే హ్యూ ద పాయెన్స్ నాయకత్వంలో కొందరు యోధులు యాత్రికుల దారులను కాపాడతామని వ్రతం పట్టారు. 1129 ట్రాయ్ సభ వారి సంఘాన్ని ఆమోదించింది. వీరే టెంప్లర్లు. యెరూషలేము–యెరికో దారిలో వారు కాపలాకోట నిర్వహించారు, యొర్దానుకు వెళ్ళే యాత్రికులకు తోడు నడిచారు. డబ్బు దగ్గర పెట్టుకొని ప్రయాణించనక్కరలేకుండా ఒక మఠంలో జమచేసిన సొమ్మును మరొకచోట తీసుకొనే సౌకర్యాన్ని కూడా కల్పించారు.

ఈ రెండో సేవ సంఘానికి అపారమైన ఆర్థికబలాన్నిచ్చింది. 1139లో లభించిన పోపు శాసనం దానికి విస్తృతమైన స్వేచ్ఛను కట్టబెట్టింది. యాత్రికుల కాపలాకై పుట్టిన సంఘం క్రమంగా రాజ్యాల యుద్ధాలలోనూ రాజుల రుణాలలోనూ ప్రధానపాత్ర వహించింది. 1307లో ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ వారిని నిర్బంధించాడు. 1312లో పోపు సంఘాన్ని రద్దు చేశాడు. సాయుధరక్షణ యాత్రికునికి మేలు చేసిందన్నది నిజం. కాని ఆ యోధులు ఎవరికి జవాబుదారులన్న ప్రశ్నకు యాత్రికుని వైపు నుంచి సమాధానం ఎన్నడూ ఏర్పడలేదు.

5. వెనిస్: ఒప్పందంగా మారిన భద్రత

1291లో ఆక్రా పతనంతో పవిత్రభూమిలో క్రూసేడు రాజ్యాలు అంతరించాయి. యాత్రలు మాత్రం ఆగలేదు. వెనిస్ ఓడలూ, ముస్లిం పాలకుల అనుమతీ, ఫ్రాన్సిస్కను సన్న్యాసుల ఆతిథ్యమూ వాటికి కొత్త ఆధారాలయ్యాయి. ఖడ్గం స్థానంలో వచ్చినది కాగితం.

వెనిస్ ప్రభుత్వం పదమూడో శతాబ్దంలోనే ఓడలలో ఎక్కించే బరువును నియంత్రిస్తూ శాసనాలు చేసింది. యాత్రికులకు బస, బేరసారాలలో తోడ్పడే మార్గదర్శకులను అనుమతిపత్రాలతో నియమించింది. 1480లోనూ 1483లోనూ ప్రయాణించిన డొమినికన్ సన్న్యాసి ఫెలిక్స్ ఫాబ్రీ తన యాత్రాగ్రంథంలో ఓడ యజమానితో కుదిరిన ఒప్పందాన్ని వివరించాడు. ఓడలో తగినన్ని ఆయుధాలుండాలి. రోజుకు రెండుపూటలా భోజనం పెట్టాలి. సుంకాలూ అభయపత్రాల ఖర్చులూ యజమానే భరించాలి. యాత్రికుడు మరణిస్తే అతని వస్తువులను యజమాని ముట్టరాదు. ఈ షరతులు ప్రమాదాన్ని పూర్తిగా తొలగించలేదు. ప్రమాదం జరిగితే ఎవరిని అడగాలో మాత్రం తేల్చాయి.

ఒడ్డు చేరాక ఫ్రాన్సిస్కను పెద్ద యాత్రికులకు నడవడి నియమాలు చదివి వినిపించేవాడు. ముస్లింల సమాధులపై నడవరాదు, పవిత్రస్థలాల నుంచి రాతిముక్కలు చెక్కరాదు, గోడలపై తమ వంశచిహ్నాలు గీయరాదు అన్నవి వాటిలో కొన్ని. యాత్రికుని ప్రవర్తన కూడా తోటియాత్రికుల ప్రాణరక్షణకు సంబంధించినదే అన్న గుర్తింపు ఇందులో ఉంది.

6. రోము వంతెన: 1300, 1450

ఇంతవరకు చూసిన ముప్పులు దారిలోనివి. క్షేత్రంలోనే పొంచి ఉన్న ముప్పు జనసమ్మర్దం. 1300లో పోపు ఎనిమిదో బోనిఫేసు ప్రకటించిన జూబిలీకి రోముకు జనం పోటెత్తారు. టైబర్ నది దాటి సెయింట్ పీటర్ ఆలయానికి చేరడానికి సాంత్ ఆంజెలో వంతెన ముఖ్యమార్గం. ఆ ఏడాది వెళ్ళేవారిని ఒక పక్కనా, వచ్చేవారిని మరో పక్కనా నడిపించిన ఏర్పాటును డాంటే తన కావ్యంలోని నరకఖండంలో ఉపమానంగా వాడుకున్నాడు. జనప్రవాహాన్ని విభజించాలన్న జ్ఞానం రోముకు అప్పటికే ఉందనడానికి ఇది సాక్ష్యం.

నూటయాభై ఏళ్ళ తరువాత, 1450 జూబిలీలో డిసెంబరు 19న, పొద్దుపోయినందున ఆనాటి ఆశీర్వాదం ఉండదని ఆలయం దగ్గర ప్రకటించారు. తిరిగి వస్తున్న జనమూ, విషయం తెలియక ఎదురు వెళ్తున్న జనమూ వంతెనపై ఢీకొన్నారు. వంతెనపై అంగళ్ళుండడంతో దారి ఇరుకుగా ఉంది. ఒక కంచరగాడిద అడ్డుపడటంతో ఆ రద్దీ తొక్కిసలాటగా మారింది. నలిగినవారూ నదిలో పడ్డవారూ కలిసి రెండువందల మంది దాకా మరణించారని వృత్తాంతాలు చెబుతున్నాయి. పోపు ఐదో నికోలస్ ఆ తరువాత అంగళ్ళనూ వంతెన ముఖద్వారంలోని ఇళ్ళనూ తొలగించి దారిని విశాలం చేయించాడు. మృతుల స్మృతికి అక్కడ రెండు చిన్న ప్రార్థనామందిరాలు కట్టించాడు.

1300 నాటి జాగ్రత్త 1450 నాటి ఆ సాయంత్రం అమలులో కనిపించదు. జూబిలీ ఏళ్ళ తరబడి విరామంతో వచ్చే పండుగ. ఒక పండుగలో నేర్చుకున్నది మరో పండుగ దాకా ఎవరి చేతిలో భద్రంగా ఉండాలన్నది నిర్ణయం కాకపోతే, అది కవి ఉపమానంలో మిగులుతుందే తప్ప వంతెన మీద పనిచేయదు.

7. ముగింపు

• భద్రతా ఏర్పాట్లలో పెక్కు విపత్తు తరువాతే రూపొందాయి. 1119 దాడి తరువాత దారికాపలా, 1450 తొక్కిసలాట తరువాత వంతెన విస్తరణ ఇందుకు నిదర్శనాలు.

• జనసంఖ్య, ఆయుధం, శాసనం విడివిడిగా యాత్రికుని రక్షించలేకపోయాయి. స్థానిక పాలకుల సహకారం, పన్నులకు హద్దు, వైద్యం, సత్ప్రవర్తన వాటికి తోడైనచోట ఫలితం మెరుగ్గా ఉంది.

• హాస్పిటలర్ల నియమావళి, వెనిస్ ఒప్పందం రెండూ చేయవలసిన పనినీ చేయవలసినవారినీ లిఖితరూపంలో పేర్కొన్నాయి. యాత్రికుడు నిలదీసి అడగడానికి వీలు కల్పించినది ఈ స్పష్టతే.

• అరుదుగా వచ్చే ఉత్సవాలలో అనుభవజ్ఞానం నిలవాలంటే దానిని కాపాడే శాశ్వత వ్యవస్థ అవసరం. రోము వంతెన ఉదంతం ఈ అవసరాన్ని అత్యంత విషాదకరంగా చాటింది.

విశ్వాసంతో బయలుదేరినవాడు ప్రాణాన్ని దైవానికి అప్పగించి నడిచాడు. అతనికి దారి ఇచ్చినవారికీ, పడవ నడిపినవారికీ, ఆలయద్వారం తెరిచినవారికీ ఆ కారణంగా బాధ్యత తగ్గదన్న గుర్తింపు ఐరోపాలో నాలుగైదు శతాబ్దాల పాటు, ప్రాణనష్టాల నడుమ, కొద్దికొద్దిగా రూపుదిద్దుకుంది. తీర్థయాత్రల చరిత్రను భక్తి చరిత్రగానే గాక బాధ్యతల చరిత్రగా కూడా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని ఈ పరిశీలన సూచిస్తుంది.