చీర్‌లీడర్ సీటు కోసం స్కూల్ బంద్ చేసిన ఊరు

ఈ రోజు ఎపిసోడ్ ఒక వీడియో కాల్ వల్ల పుట్టింది. మా అక్క వాళ్లు టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటారు. మా మేనకోడలు అక్కడే హైస్కూల్ చదువుతోంది. మొన్న ఫోన్‌లో, "మామయ్యా, స్కూల్ ఫ్లాగ్ టీమ్‌లో సెలెక్ట్ అయ్యాను!" అంది. నేను నవ్వేసి, "జెండా ఊపడానికి కూడా సెలక్షన్లా?" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. "అయితే నువ్వు ఆరడుగుల కర్ర గాల్లోకి విసిరి, తిరిగి పట్టుకో చూద్దాం" అనేసి ఫోన్ వాళ్లమ్మకి ఇచ్చేసింది.

తప్పు నాదే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు నేను ఆరో క్లాసు. ఫోర్ కొడితే టీవీలో రెండు సెకన్లు కనిపించే డాన్సే చీర్‌లీడింగ్ అనుకున్నాను. మనలో చాలామందికి అంతే తెలుసు కదా? ఆ కాల్ తర్వాత కూర్చుని దీని చరిత్ర చదివా. చదివాక సిగ్గేసింది.

మొదటి షాక్ ఏంటంటే, ఇది మగవాళ్లతో మొదలైంది. 1898 నవంబర్‌లో మినెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్. అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు. సొంత టీమ్ వరుసగా ఓడిపోతోంది. జానీ క్యాంప్‌బెల్ అనే స్టూడెంట్ జనం ముందుకొచ్చి నినాదాలు మొదలుపెట్టాడు. మన దగ్గర మీటింగుల్లో ఒకడు మైకు పట్టుకుని పిలుపిస్తే వెయ్యి గొంతులు జై కొడతాయి చూడండి, సరిగ్గా అదే. ఆ రోజు మినెసోటా 17-6తో గెలిచింది. చీర్‌లీడింగ్ అక్కడే పుట్టిందని చెప్తారు.

అప్పట్లో ఇది లీడర్ పని. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఐసెన్‌హోవర్, రీగన్ కాలేజీలో చీర్‌లీడర్లు. జార్జ్ డబ్ల్యూ బుష్ అయితే హైస్కూల్లోనే. అంటే నలుగురు అమెరికా అధ్యక్షులు! మినెసోటాలో అమ్మాయిలకు ఛాన్స్ దొరికింది 1923లో. రెండో ప్రపంచ యుద్ధానికి అబ్బాయిలు వెళ్లిపోయాక ఆ ఖాళీల్లోకి అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వచ్చారు.

తర్వాతి కథలో చాలా భాగం టెక్సస్‌లోనే నడిచింది. 1940లో కిల్గోర్ కాలేజీలో గసీ నెల్ డేవిస్ అనే టీచర్ అమ్మాయిలతో డ్రిల్ టీమ్ పెట్టింది. హాఫ్‌టైమ్‌లో జనం సీట్లు వదిలి పోకుండా చూడటం కూడా ఆ టీమ్ పనే. ఆవిడ అంతకుముందు ఒక హైస్కూల్లో ఇలాంటి టీమ్‌నే నడిపింది. 1948లో లారెన్స్ హెర్కిమర్ హంట్స్‌విల్‌లో చీర్‌లీడింగ్ క్యాంప్ పెడితే 52 మంది అమ్మాయిలు, ఒకే ఒక్క అబ్బాయి వచ్చారు. యాభై ఏళ్లలో లెక్క మొత్తం తిరగబడింది.

మరి జెండాలు? అవి సైన్యం నుంచి వచ్చాయి. పొగ, గోల మధ్య మన దళం ఎక్కడుందో సైనికుడికి చెప్పేది జెండానే. ఆ జెండా పట్టుకునే వాళ్లే కలర్ గార్డ్. బ్యాండ్‌తో పాటు అదే స్కూల్ గ్రౌండ్‌లోకి వచ్చింది. పేరు కూడా మారలేదు.

ఇప్పుడు అసలు కథ. టెక్సస్ దక్షిణాన క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊరు. పాలకూర పంటకు ఎంత ఫేమస్ అంటే, ఊళ్లో పొపాయ్ విగ్రహం పెట్టుకున్నారు. ఆ పాలకూర కోసే కూలీల్లో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు. హైస్కూల్లో పిల్లలు కూడా ఎనభై శాతానికి పైగా వాళ్లే. కానీ చీర్‌లీడర్లను ఎంచుకునేది టీచర్ల కమిటీ. ఎక్కడా రాయని రూల్ ఒకటుండేది: నలుగురిలో ముగ్గురు తెల్లమ్మాయిలు, ఒక్కరే మెక్సికన్ అమెరికన్.

1969లో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. డయానా పలాసియోస్ అనే అమ్మాయి ట్రై చేసింది. ఆల్రెడీ మీవాళ్లు ఒకరు ఉన్నారు కదా అన్నట్టుగా పక్కనపెట్టేశారు. తర్వాత హోమ్‌కమింగ్ వేడుకకు రాణిని ఎంచుకోవడానికి ఇంకో కండిషన్ వచ్చింది: అమ్మానాన్నల్లో ఒకరైనా అదే స్కూల్లో పాసై ఉండాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పంట కోతల వెంట రాష్ట్రాలు తిరిగే కూలీలకు హైస్కూల్ పూర్తి చేసే వీలెక్కడిది? రూల్‌లో కులం, జాతి అన్న మాట ఒక్కటీ లేదు. అయినా ఎవరిని ఆపాలో వాళ్లనే ఆపింది. ఇలాంటి రూల్స్ మనకూ కొత్తేం కాదు.

డిసెంబర్ 9న పిల్లలు క్లాసులు వదిలి బయటికొచ్చేశారు. రోజురోజుకీ చిన్న తరగతుల పిల్లలు కూడా కలిశారు. డిమాండ్లూ పెరిగాయి: స్పానిష్ మాట్లాడితే శిక్షలు వద్దు, రెండు భాషల్లో చదువు కావాలి, మావాళ్లలోంచి టీచర్లు కావాలి. హాజరు తగ్గితే స్కూల్‌కి ప్రభుత్వ డబ్బు తగ్గుతుంది. దెబ్బ అక్కడే తగిలింది. ముగ్గురు విద్యార్థులు వాషింగ్టన్ వెళ్లి సెనేటర్లను కలిశారు. చివరికి 1970 జనవరిలో స్కూల్ బోర్డు దిగొచ్చింది. అదే నెలలో ఆ ఊళ్లో లా రాజా ఉనిదా అనే పార్టీ పుట్టింది. ఏప్రిల్‌లో స్కూల్ బోర్డులోనూ, సిటీ కౌన్సిల్‌లోనూ సీట్లు గెలిచింది.

ఒక పామ్‌పామ్ కోసం ఇంత గొడవా అని అప్పుడూ కొందరు అనుకునే ఉంటారు. కానీ గొడవ పామ్‌పామ్ కోసం కాదు. శుక్రవారం రాత్రి ఊరంతా స్టేడియంకి వస్తుంది. అందరి ముందు నిలబడి "ఇది మన స్కూల్" అని అరిచే హక్కు ఎవరిది? పాలకూర కోసే వాళ్ల కూతురికి ఆ హక్కు ఉందా లేదా? పిల్లలు అడిగింది ఇదే.

నిన్న మా మేనకోడలికి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఈ కథ కూడా చెప్పాను. అంతా విని, "ఫస్ట్ మ్యాచ్ శుక్రవారం మామయ్యా, నీకు తెల్లారుజాము అవుతుంది, లేస్తావా?" అంది. అలారం పెట్టుకున్నా.

మీ స్కూల్లో కూడా స్పోర్ట్స్ డేకి ముందు నడిచేవాళ్లను, జెండా పట్టుకునేవాళ్లను ఎవరు ఎంచుకునేవాళ్లు? ఎవరికి ఎప్పుడూ ఛాన్స్ రాలేదు? గుర్తు చేసుకుని కామెంట్‌లో రాయండి.