జడను కత్తిరిస్తే పేలు పోతాయా?

బడికి వెళ్ళే ఆడపిల్ల తలలో పేలు పడితే తల్లి కొన్నాళ్ళు ఓపికగా దువ్వుతుంది. పోయినట్లే పోయి, నెల తిరగకముందే అవి మళ్ళీ కనబడితే ఆ ఓపిక నశిస్తుంది. ఈ జడ ఉన్నన్నాళ్ళు పేలు వదలవు, కత్తిరించి వేద్దామన్న మాట ఇంట్లో పుడుతుంది. పిల్ల కంట నీరు పెట్టుకుంటుంది. ఈ తగవు క్రొత్తది కాదు. పేలను వదిలించుకొనడానికి మానవుడు వేల సంవత్సరాలుగా రెండు పనిముట్లను నమ్ముకున్నాడు. ఒకటి దువ్వెన, రెండవది కత్తి. ఈ రెండింటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుందో చరిత్ర చక్కగా చెబుతుంది.

ముందుగా దువ్వెన కథ. ఇజ్రాయెల్‌లోని లాకీష్ అనే ప్రాచీన నగరం దిబ్బను త్రవ్వినప్పుడు 2016లో ఒక చిన్న దంతపు దువ్వెన దొరికింది. దాని పొడవు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఒక ప్రక్క చిక్కు తీయడానికి 6 లావు పండ్లు, రెండవ ప్రక్క పేలు తీయడానికి 14 సన్నని పండ్లు ఉండేవి. కొన్నేళ్ళ తరువాత పరిశీలించగా దానిపై 17 అక్షరాలు కనబడ్డాయి. తల వెంట్రుకలలోను గడ్డంలోను ఉన్న పేలను ఈ దంతం తొలగించాలని వాటి భావం. వాటిని చదివిన పరిశోధకులు 2022లో ఆ దువ్వెన సుమారు క్రీ. పూ. 1700 నాటిదని ప్రకటించారు. అక్షరమాలతో వ్రాసిన పూర్తి వాక్యాలలో ఇంతవరకు దొరికిన అతి ప్రాచీన వాక్యం ఇదేనని వారి అభిప్రాయం. దంతం ఆనాడు విలువైన వస్తువు. అంటే పేలు పేదవారి తలలకే పడతాయన్న మాట ఆనాడే నిజం కాదు.

ఇక కత్తి కథ. ఈజిప్టు పురోహితులు పేలు పట్టకుండా రోజు విడిచి రోజు శరీరమంతా క్షవరం చేసుకునేవారని క్రీ. పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాశాడు. ఈ పద్ధతి పనిచేయడంలో ఆశ్చర్యం లేదు. వెంట్రుకే లేనిచోట తల పేను నిలువలేదు. కాని వారు చేసినది పూర్తి ముండనం, కురచగా కత్తిరించడం కాదు. ఈ రెండింటికీ ఉన్న భేదమే ఈ విషయమంతటికీ కీలకం.

ఆ భేదం తెలియాలంటే పేను బ్రతుకు తెలియాలి. 1665లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో పేనును చూచి, అది ఒక వెంట్రుకను పట్టుకొని ఉన్నట్లు పెద్ద బొమ్మ వేసి ప్రచురించాడు. పేనుకు ఆరు కాళ్ళు. ప్రతి కాలి చివర ఉండే కొక్కెం వంటి గోరు వెంట్రుక మందానికి సరిగా సరిపోతుంది. దానికి రెక్కలు లేవు, కనుక ఎగరలేదు. దూకనూ లేదు. ఒక తల మరొక తలకు తగిలినప్పుడు వెంట్రుక మీదుగా ప్రాకి పోతుంది. రోజుకు కొన్నిసార్లు రక్తం త్రాగుతుంది, అందుచేత తలచర్మాన్ని విడిచి దూరం పోదు. గ్రుడ్లను కూడా ఆ వెచ్చదనంలోనే, చర్మానికి అర సెంటీమీటరు దాపున వెంట్రుకకు అంటిస్తుంది. అంటే నడుము వరకు వ్రేలాడే జడలో పేలకు కావలసినది మొదటి రెండు అంగుళాలే. జడను భుజాల వరకు కత్తిరించినా ఆ కాపురానికి భంగం కలగదు.

అయినప్పటికీ కత్తెరకు అంత పేరు ఎందుకు వచ్చింది? ఇందుకు ఒక కారణం టైఫస్ అనే భయంకరమైన జ్వరం. ఇది టైఫాయిడ్ కాదు. యుద్ధాలలోను జైళ్ళలోను లక్షల మందిని ఇది బలిగొన్నది. ట్యునిస్ నగరంలో షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక విశేషాన్ని గమనించాడు. ఆసుపత్రి వెలుపల రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకుతున్నది. స్నానం చేయించి, క్షవరం చేసి, బట్టలు మార్చిన తరువాత వార్డులో సోకడం లేదు. రోగిని విడిచిపోయిన పేనే వ్యాధివాహకమని ఆయన 1909లో కోతులపై ప్రయోగాలతో నిరూపించాడు. 1928లో నోబెల్ బహుమతి పొందాడు. కాని ఈ వ్యాధిని మోసేది ముఖ్యంగా బట్టలలో కాపురముండే చీరపేను. తల పేనును సాధారణంగా వ్యాధివాహకంగా పరిగణించరు. దురద, నిద్రలేమి, గోకిన పుండ్లు దాని బాధలు. చీరపేనుపై ప్రజలకు కలిగిన భయం తల పేనుపైకి కూడా ప్రాకింది.

అదే కాలంలో బ్రిటనులో బడిపిల్లల ఆరోగ్య పరీక్షలు ఆరంభమైనాయి. 1908 నాటి బాలల చట్టం ప్రకారం, పేలు పట్టిన పిల్లను శుభ్రపరచుమని తల్లిదండ్రులకు తాఖీదు ఇవ్వవచ్చు. వారు చేయకపోతే అధికారులే శుభ్రపరచవచ్చు. కొన్నిచోట్ల కత్తెర కూడా పడేది, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పేవారు. బలవంతం ఎంత సాధించిందో రెండవ ప్రపంచ యుద్ధంలో తేలింది. 1939లో నగరాల పిల్లలను గ్రామాలకు తరలించగా వారి తలలలో పేలు విస్తారంగా ఉన్నట్లు బయటపడింది. కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రజ్ఞుడు ఆసుపత్రి రికార్డులను పరిశీలించి 1941లో లెక్కలు ప్రకటించాడు. పారిశ్రామిక నగరాలలో ఆడపిల్లలలో సుమారు సగం మందికి పేలున్నాయి. పొట్టి జుట్టు గల చిన్న మగపిల్లలు కూడా వాటికి దూరం కాలేదు.

తరువాత మందుల కాలం వచ్చింది. 1943-44 శీతకాలంలో నేపుల్స్ నగరంలో టైఫస్‌ను అణచడంలో డి.డి.టి. పొడి గొప్ప పాత్ర వహించింది. కాని కొద్ది సంవత్సరాలకే, కొరియా యుద్ధంలో, ఆ పొడికి చావని పేలు కనబడ్డాయి. తరువాత వచ్చిన పెర్మెత్రిన్ వంటి మందులకు కూడా అనేక దేశాలలో ఇదే గతి పట్టింది. బ్రిటనులో జరిగిన రెండు పరీక్షలు ఈ మార్పును చూపుతాయి. 2000లో ప్రకటించిన దానిలో మలాథియాన్ మందుతో నూటికి 78 మందికి, దువ్వెనతో 38 మందికి నయమైంది. 2005లో ప్రకటించిన మరొక పరీక్షలో దువ్వెనతో 57 మందికి, మందులతో 13 మందికి మాత్రమే నయమైంది. మందు ఫలితం ఆ చోటి పేల నిరోధశక్తిని బట్టి మారుతుంది. దువ్వెనకు నిరోధశక్తి పెంచుకొన్న పేను లేదు. దువ్వేవారి ఓపికే దానికి హద్దు.

మరి పేలు మాటిమాటికీ ఎందుకు తిరిగి వస్తాయి? ఈపులు సుమారు 7 నుండి 10 రోజులలో పగులుతాయి. పిల్ల పేను ఎదిగి గ్రుడ్లు పెట్టడానికి మరికొంచెం ఎక్కువే పడుతుంది. ఒక్కసారి దువ్వి ఆపితే మిగిలిన ఈపులు మళ్ళీ సంతానాన్ని ఇస్తాయి. తడి జుట్టును పాయలుగా విడదీసి, తలచర్మం నుండి కొస వరకు పేల దువ్వెనతో నాలుగు రోజులకు ఒకసారి చొప్పున రెండు వారాలు దువ్వితే, పుట్టిన పిల్లలు గ్రుడ్లు పెట్టే వయసు రాకముందే చిక్కుతాయి. ఇంట్లో అందరి తలలను ఒకేరోజు చూడాలి, లేకపోతే చెల్లెలి తలనుండి అక్క తలకు తిరిగి వస్తాయి. సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే చూపుకే ప్రమాదం. కిరసనాయిలు నిప్పుకు అంటుకుంటుంది. ఈ రెండూ తలకు రాయరాదు.

కత్తెర వలన ఉపయోగం లేకపోలేదు. పొట్టి జుట్టును దువ్వడం సులభం, సమయం కలిసివస్తుంది. పిల్ల తానే కోరితే కత్తిరించవచ్చు. కాని తెలుగునాట జుట్టుకు వేరే అర్థాలు కూడా ఉన్నాయి. తిరుమలలో తలనీలాలిచ్చిన పిల్లను చూచి ఎవరూ నవ్వరు. ఒకప్పుడు వితంతువుకు చేసిన శిరోముండనం ఆమెను తలవంచుకొనేట్లు చేసింది. తాను కోరకుండా, శిక్షగా జడ పోగొట్టుకొన్న పిల్లకు పేల దురద తగ్గినా తరగతిలో తలెత్తడం కష్టమవుతుంది. ఆ పిల్లను వెనుక బెంచీకి పంపే ఉపాధ్యాయుడు ఆ బాధను రెట్టింపు చేస్తాడు. పేలున్నంత మాత్రాన పిల్లను బడి మానిపించరాదని అమెరికా శిశువైద్యుల సంఘం కూడా చెబుతున్నది. లాకీష్ వాసి ఒక చిన్న దంతపు దువ్వెనపై వ్రాసుకొన్న కోరిక తీరడానికి నేటికీ కావలసినవి సన్నని పండ్లు, రెండు వారాల ఓపిక.