సముద్ర తాబేళ్ల పరిరక్షణలో విదేశీ స్వచ్ఛంద సేవ

సొంత ఖర్చుతో మరో దేశానికి వెళ్లి, అక్కడి సముద్రపు ఒడ్డున తాబేళ్ల గుడ్లకు కాపలా కాసే స్వచ్ఛంద సేవ ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో రూపుదిద్దుకుంది. దాని చరిత్ర చాలావరకు మధ్య అమెరికాలోని కోస్టారికా చుట్టూ, అందులోనూ కరీబియన్ తీరాన ఉన్న టోర్టుగేరో చుట్టూ తిరుగుతుంది. స్పానిష్‌లో టోర్టుగేరో అంటే తాబేళ్లు పట్టేవాడు. వేటగాడి పేరు పెట్టుకున్న ఆ ఊరి పక్కనే సుమారు 35 కిలోమీటర్ల నల్ల ఇసుక తీరం ఉంది. పశ్చిమార్ధగోళంలో పచ్చ తాబేళ్లు ఇంతగా గుడ్లు పెట్టే చోటు మరొకటి లేదు. (ఈ తాబేలు డిప్ప పచ్చగా ఉండదు. ఒంట్లో కొవ్వు ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.)

ఆరంభం

1950లలో ఈ తీరాన్ని మనిషికి ఇంత ముక్కని పంచుకుని రాత్రంతా కాచేవాళ్లు. వాళ్లను ‘వెలదోర్’లు అనేవారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలును వెల్లకిలా తిప్పేస్తే అది మళ్లీ లేవలేదు. తెల్లారాక పడవకెత్తి అమ్మేవారు. విదేశాల్లో తాబేలు సూపుకు అప్పట్లో మంచి గిరాకీ.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త ఆర్చీ కార్ (1909–1987) 1955లో ఇక్కడ తాబేళ్లకు గుర్తులు వేయడం మొదలుపెట్టాడు. మొదట డిప్పకు బెజ్జం పెట్టి తీగతో బిళ్ల కట్టాడు. జతకట్టే సమయంలో మగ తాబేళ్ల రాపిడికి అవి ఊడిపోయాయి. అప్పుడు పశువుల చెవులకు వేసే లోహపు పోగులు తెచ్చి ముందు తెడ్డుకాళ్లకు బిగించాడు. పోగు మీద విశ్వవిద్యాలయం చిరునామా, తిరిగి పంపినవారికి 5 డాలర్ల బహుమానమనే మాట చెక్కి ఉండేవి. పోగులు ఉత్తరాల్లో తిరిగి రావడం మొదలైంది. ఎక్కువ భాగం నికరాగువా తీరపు జాలర్ల దగ్గర నుంచే. టోర్టుగేరోలో గుడ్లు పెట్టే తాబేళ్లు అక్కడి సముద్రపు గడ్డి మేస్తాయని అలా తెలిసింది. ఒక దేశం ఒడ్డును కాపాడుకున్నంత మాత్రాన సరిపోదని కూడా తెలిసింది.

కార్ 1956లో ప్రచురించిన ‘ది విండ్‌వర్డ్ రోడ్’ చదివి జాషువా పవర్స్ అనే ప్రచురణ రంగ ప్రతినిధి, ఆయన మిత్రులు 1959లో ‘పచ్చ తాబేలు సోదర బృందం’ పెట్టుకున్నారు. పేరు సరదాకే పెట్టుకున్నా, అదే కరీబియన్ కన్సర్వేషన్ కార్పొరేషన్‌గా మారింది. 2010 నుంచి సీ టర్టిల్ కన్సర్వెన్సీ అని పిలుస్తున్నారు. తొలి ఏళ్లలో వీరి పథకాలన్నీ ఫలించలేదు. 1960లలో అమెరికా నౌకాదళ విమానాల్లో పిల్ల తాబేళ్లను కరీబియన్ తీరాలకు మోసుకెళ్లి వదిలారు. కొత్త చోట తాబేళ్ల స్థావరం ఏర్పడిన దాఖలా మాత్రం లేదు. అట్టహాసంగా ఎగిరిన విమానాలు తేలేని ఫలితం చెవిపోగులు తెచ్చాయి.

డబ్బు కట్టి పనిచేయడం

పరాయి దేశం వెళ్లి ఊరికే పనిచేసే అలవాటు తాబేళ్లతో పుట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర, కూలిన పల్లెను తిరిగి కట్టడానికి పియెర్ సెరెసోల్ నడిపిన శ్రమ శిబిరం దీనికి ముందుమెట్టు. జంతుశాస్త్రంలోకి ఈ పద్ధతిని గట్టిగా తెచ్చింది 1971లో బోస్టన్‌లో మొదలైన ఎర్త్‌వాచ్. శాస్త్రవేత్తకు చేతులు కావాలి, డబ్బూ కావాలి. సెలవుల్లో ఏదైనా చేద్దామనుకునే గుమాస్తా దగ్గర, టీచరు దగ్గర ఆ రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. వాళ్లు కట్టే రుసుములో కొంత పరిశోధన ఖర్చుకు పోతుంది. కరీబియన్‌లోని సెయింట్ క్రోయ్ దీవి, కోస్టారికా పసిఫిక్ తీరంలోని ప్లాయా గ్రాందే ఇలా నడిచిన ముఖ్యమైన తాబేళ్ల స్థావరాలు.

రాత్రి గస్తీ

ఈ సేవ గురించి ఊహించుకునేది వేరు, చేసేది వేరు. నల్ల బట్టలు వేసుకోవాలి. తెల్ల టార్చి వేయకూడదు, ఎర్ర వెలుతురు మాత్రమే వాడాలి. ఫోను తీయకూడదు. కాళ్లు దిగబడే ఇసుకలో గంటల తరబడి నడవాలి. తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు చార కనిపిస్తే బృందం ఆగుతుంది. తాబేలు గొయ్యి తవ్వుకుని గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక, వెనక బోర్లా పడుకుని, గొయ్యిలో చెయ్యి పెట్టి రాలే గుడ్లను ఒక్కొక్కటిగా లెక్కించాలి. ఒక్కో గూటిలో నూటికి పైచిలుకే ఉంటాయి. గుడ్లు పెట్టడం అయ్యి తాబేలు ఇసుక కప్పే వేళకు తెడ్డుకాలికి పోగు బిగిస్తారు, డిప్ప పొడవును టేపుతో కొలుస్తారు. ఇసుక చల్లుతూ అది ముఖాన కొట్టడం మామూలే. కొన్ని రాత్రులు ఒక్క తాబేలూ రాదు. ఆ సంగతీ పుస్తకంలో రాయాల్సిందే.

ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను సేకరించి పొదిగించే మత్స్యకారులు, అటవీ సిబ్బంది చేసేదీ దాదాపు ఇదే. విమానం టికెట్టు ఒక్కటే తేడా.

లెక్కలు చెప్పినవి

1975లో టోర్టుగేరో జాతీయ ఉద్యానవనమైంది. అయినా రేవు పట్టణమైన లిమోన్ జాలర్లు ఏటా 1,800 తాబేళ్ల వరకు పట్టుకోవడానికి చట్టం ఒప్పుకునేది. 1999లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. 1971 నుంచి 2003 వరకు గూళ్ల సంఖ్య 417 శాతం పెరిగిందని, 1999–2003 మధ్య ఏటా సగటున 1,04,411 గూళ్లు పడ్డాయని 2005లో అధ్యయనం తేల్చింది. ప్లాయా గ్రాందేలో కథ తిరగబడింది. 1988–89లో 1,367గా ఉన్న లెదర్‌బ్యాక్ తాబేళ్లు 1998–99 నాటికి 117కు పడిపోయాయి. గుడ్లు దోచుకోవడానికి తోడు, నడిసంద్రంలో చేపల వలలు, గాలాలు వాటిని చంపుతున్నాయి. అక్కడ వాలంటీర్లు నడిచిన రాత్రులు తాబేళ్లను నిలబెట్టలేకపోయాయి. కానీ అవి పోతున్నాయనే సంగతి ప్రపంచానికి అంకెలతో చెప్పాయి.

వ్యాపారం, ప్రమాదం

1990ల నుంచి ఇది పర్యాటక సరుకైంది. రెండు వారాల ప్యాకేజీలు అమ్మే కంపెనీలు పుట్టాయి. వాటిలో పరిశోధన పాలు ఎంతో తెలుసుకోవడం కొనేవారికి కష్టమే. ఈ ధోరణి ఎంత దూరం పోగలదో దక్షిణాఫ్రికా సింహాల ఫారాలు చూపించాయి. అనాథలని చెప్పి సింహం కూనలకు విదేశీ వాలంటీర్ల చేత పాలసీసాలు పట్టించారు, అందుకు డబ్బూ వసూలు చేశారు. వాటిలో చాలా కూనలు తల్లి నుంచి వేరుచేసినవేనని, పెద్దయ్యాక కంచె లోపలి వేటకు వెళ్లేవని 2015 నాటి ‘బ్లడ్ లయన్స్’ చిత్రం బయటపెట్టింది. తాబేలు తీరంలో అలాంటి ముద్దుమురిపాలకు తావు తక్కువ కావడం, నా దృష్టిలో, ఈ పనికి ఒక రక్షణే.

అయితే తీరంలో వేరే ప్రమాదాలున్నాయి. 2013 మే చివర, లిమోన్ దగ్గరి మొయిన్ తీరంలో గస్తీ తిరుగుతున్న 26 ఏళ్ల స్థానిక కార్యకర్త హైరో మోరా సాండోవాల్‌ను దుండగులు చంపేశారు. వెంట ఉన్న నలుగురు విదేశీ మహిళా వాలంటీర్లు బతికి బయటపడ్డారు. గుడ్ల దొంగలూ మాదకద్రవ్యాల ముఠాలూ తిరిగే ఆ ఒడ్డుకు పోలీసు రక్షణ కావాలని అతడు అంతకుముందే అడిగి ఉన్నాడు. 2015 జనవరిలో నిందితులు ఏడుగురూ హత్యకేసు నుంచి బయటపడ్డారు. తిరుగు విచారణ జరిగి 2016లో నలుగురికి శిక్ష పడింది.

2020 మార్చిలో కోవిడ్ వల్ల కోస్టారికా సరిహద్దులు మూసింది. కరీబియన్ ఒడ్డుకు లెదర్‌బ్యాక్‌లు రావడం మొదలయ్యే నెల అది. కొన్ని నెలలపాటు విదేశీ వాలంటీరూ లేడు, అతడు కట్టే రుసుమూ లేదు. టోర్టుగేరోలో పచ్చ తాబేళ్ల గూళ్లు ఈ మధ్య మళ్లీ తగ్గుముఖం పట్టినట్టు కొత్త లెక్కలు చూపుతున్నాయి. పోగులు ఇప్పటికీ నికరాగువా నుంచి వస్తూనే ఉన్నాయి.