గ్లుటమిన్: క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటిపూతకు వాడకం

మన రక్తంలో అన్నిటికంటే ఎక్కువగా తిరిగే అమైనో ఆమ్లం గ్లుటమిన్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దీన్ని శరీరమే, ముఖ్యంగా కండరాలు, తయారుచేసుకుంటుంది. అందుకే తప్పనిసరిగా తిండి ద్వారా అందాల్సిన అమైనో ఆమ్లాలలో దీన్ని లెక్కించరు. పెద్ద జబ్బు చేసినప్పుడు, ఒళ్లు కాలినప్పుడు, పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు మాత్రం శరీరం చేసుకునేది చాలదు. క్యాన్సర్ చికిత్సలో నోరు పూయకుండా ఉండేందుకు దీన్ని పొడి రూపంలో 1990ల నుంచి ప్రయోగిస్తున్నారు. ఫలితాలు ఒక్క తీరుగా లేవు. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్, కీమో కలిపి తీసుకునేవారిలో కొంత మేలు కనిపించింది. అదికూడా నోటి ద్వారా, పూత రాకముందు నుంచే తీసుకున్నప్పుడు.

నోరు ఎందుకు పూస్తుంది

నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి కొత్తదవుతుంది. వేగంగా విభజన చెందే కణాలను చంపడమే కీమో పని కాబట్టి, క్యాన్సర్ కణాలతో పాటు ఈ పొర కూడా దెబ్బతింటుంది. 5-ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేట్, అధిక మోతాదు మెల్ఫలాన్ ఇందులో పేరుమోసిన మందులు. కీమో ఎక్కించిన వారం లోపే మంట మొదలై, రెండో వారంలో ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌లో అయితే రెండు మూడు వారాలకు మొదలై, చికిత్స ముగిశాక కూడా కొన్ని వారాలపాటు వేధిస్తుంది.

ఇది మామూలు పుండు కాదు. అమెరికన్ పరిశోధకుడు స్టీఫెన్ సోనిస్ 2004లో దీన్ని అయిదు దశలుగా వివరించారు. కణాలు దెబ్బతినడం, వాపు కలిగించే సంకేతాలు పుట్టడం, అవి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడం, పుండు పడడం, మానడం. అంటే కంటికి పుండు కనబడే సరికే మూడు దశలు గడిచిపోతాయి. పూత వచ్చాక మొదలుపెట్టిన పొడి పెద్దగా పనిచేయదనుకోవడానికి ఇదొక కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రతను 0 నుంచి 4 వరకు కొలుస్తుంది. 1లో నొప్పి, ఎరుపు మాత్రమే ఉంటాయి. 2లో పుండ్లున్నా అన్నం తినగలరు. 3లో ద్రవాలే దిగుతాయి. 4లో నోటితో ఏదీ తీసుకోలేరు, ముక్కు గొట్టమో సెలైనో తప్పదు. నోటి క్యాన్సర్‌కు రోజువారీగా ఆరేడు వారాలు రేడియేషన్ తీసుకునేవారిలో నోరు పూయనివారు అరుదు. నొప్పి భరించలేక మధ్యలో మానేస్తే, ఆ విరామంలో క్యాన్సర్ కణాలు కోలుకుంటాయి. అసలు ప్రమాదం అక్కడుంది.

భారతదేశంలో మగవారికి అత్యధికంగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ఒకటి. పొగాకు, గుట్కా, వక్క దీనికి ప్రధాన కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. అంగిట్లో క్యాన్సర్ రావడానికి అది దారితీస్తుందని దశాబ్దాల కిందటే పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఈ నోటిపూత తెలుగు కుటుంబాలకు కొత్త విషయమేమీ కాదు.

పరీక్షలు ఏం చెప్పాయి

పేగు లోపలి పొర కణాలకూ, తెల్ల రక్తకణాలకూ గ్లుటమిన్ ముఖ్యమైన ఇంధనం. కణాలను రక్షించే గ్లుటాథయోన్ తయారీకి కూడా అది కావాలి. నోటి పొరకూ మేలు చేస్తుందన్న ఆలోచన ఇక్కడినుంచే పుట్టింది. 1990లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు కొద్దిమంది రోగులకు దీన్ని నీళ్లలో కలిపి పుక్కిలించి మింగమన్నారు. నోటి నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. ఆ ఉత్సాహం ఎక్కువకాలం నిలవలేదు. 5-ఫ్లోరోయురాసిల్ తీసుకుంటున్న 134 మందిపై జరిగి 1999లో వెలువడిన పరీక్షలో ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా కనబడలేదు.

2007లో రొమ్ము క్యాన్సర్ రోగులు 326 మందిపై ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. వీరంతా అంతకుముందు విడత కీమోలో నోరు పూసినవారే. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో దాదాపు సగం మందికి రెండో స్థాయి లేదా అంతకు మించిన పూత రాగా, గ్లుటమిన్ తీసుకున్నవారిలో 39 శాతం మందికి వచ్చింది. మేలు ఉంది, అద్భుతం లేదు. అందులో వాడింది సైతం అంగట్లో దొరికే పొడి కాదు, కణాల్లోకి ఎక్కువగా చేరేలా ప్రత్యేకంగా తయారుచేసిన ద్రవం. పొడి డబ్బాలకు ప్రచారం చేసేవారు ఈ సంగతి దాటవేస్తారు.

క్యాన్సర్ సహాయక చికిత్సల అంతర్జాతీయ సంఘం 2020 మార్గదర్శకాలు తల, మెడ క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ కలిపి తీసుకునేవారికి నివారణ కోసం నోటి ద్వారా గ్లుటమిన్‌ను సూచించాయి. అయితే జాగ్రత్త అవసరమని ఆ వెంటనే హెచ్చరించాయి. మూలకణ మార్పిడి రోగులకు నరంలోకి ఎక్కించినప్పుడు మరణాలు పెరిగినట్లు కనబడడమే అందుకు కారణం. ఐసీయూలో అవయవాలు దెబ్బతిన్న 1,200 మందికి పైగా రోగులపై జరిగి 2013లో వెలువడిన మరో పరీక్షలోనూ గ్లుటమిన్ ఇచ్చినవారిలో మరణాలు పెరిగాయి. యూరప్ క్లినికల్ పోషకాహార సంఘమైతే నోటిపూత నివారణకు గ్లుటమిన్‌ను సిఫారసు చేసేంత నిలకడైన ఆధారాలు లేవని తేల్చింది.

క్యాన్సర్ కణాలు గ్లుటమిన్‌ను బాగా వాడుకుంటాయని ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో తెలుసు. పొడి తాగితే గడ్డ పెరుగుతుందేమోనన్న భయం అక్కడినుంచి వచ్చింది. నోటి ద్వారా ఇచ్చిన పరీక్షల్లో అలా జరిగిందనడానికి స్పష్టమైన రుజువు లేదు. అయినా అవి చాలావరకు చిన్నవీ, స్వల్పకాలానివీ కావడంతో అనుమానం పూర్తిగా తీరలేదు.

వాడే తీరు

ఎక్కువ పరీక్షల్లో వాడిన మోతాదు రోజుకు 30 గ్రాములు, పదేసి గ్రాములు మూడు పూటలా. ఇంత మొత్తం పాలు, పప్పు, గుడ్ల నుంచి అందదు. ఇది నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. 10 గ్రాములకు పెద్ద గ్లాసు నీళ్లు కావాలి, లేకపోతే ఇసుకలా నాలుకకు తగులుతుంది. కలిపి నిల్వ ఉంచకూడదు, వేడి జావలో వేయకూడదు. అలా చేస్తే విడిపోయి అమ్మోనియా పుడుతుంది. రెండు మూడు నిమిషాలు నోరంతా తిప్పి మింగాలి. కాలేయం బాగా చెడినవారు, కిడ్నీ జబ్బు ముదిరినవారు దీనికి దూరంగా ఉండాలి. జిమ్ దుకాణాల్లో అమ్మే డబ్బాలు మందులు కావు, ఆహార సప్లిమెంట్ల కింద అమ్మేవి. ప్రొటీన్ పొడి ఇంకా వేరు. అందులో గ్లుటమిన్ మోతాదు ఎంతో చాలాసార్లు రాసి ఉండదు.

గ్లుటమిన్‌కు ఆర్జినైన్, హెచ్‌ఎంబీ అనే మరో రెండు పోషకాలు కలిపిన మిశ్రమాలను జపాన్‌లో పరీక్షించారు. సిఫారసు చేసేంత ఆధారం రాలేదు.

అసలు రక్షణ ఖరీదైన డబ్బాల్లో లేదు. చికిత్సకు ముందు పళ్లు చూపించుకోవడం, మెత్తని బ్రష్, ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం, కారం, పులుపు మానడం, పొగాకు వదలడం ముఖ్యం. 5-ఫ్లోరోయురాసిల్ ఒక్కసారిగా ఎక్కించేటప్పుడు అరగంటసేపు ఐస్ ముక్కలు నోట్లో ఉంచుకుంటే పూత తగ్గుతుందని గట్టి ఆధారాలున్నాయి. పైన చెప్పిన 2020 మార్గదర్శకాల్లో తక్కువ శక్తి లేజర్ చికిత్సకూ గట్టి సిఫారసే ఉంది. బెంజిడమిన్ పుక్కిలింతకు కొందరు రోగులలో సిఫారసు ఉంది. క్లోర్‌హెక్సిడిన్‌ను మాత్రం రేడియేషన్ రోగులకు పూత నివారణకు వద్దన్నారు.

నోట్లో తెల్లటి పొరలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి. కీమో తర్వాత నోటి పుండ్లతో పాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే ఏ పొడి కోసమూ చూడకుండా, రాత్రయినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.