వీధిబడిలో ఆలోచన

పిల్లలకు చదువు రావడం వేరు, ఆలోచన రావడం వేరు అన్న సంగతి మన పెద్దలు ఎరుగనిది కాదు. అయినా తరగతిలో పిల్లవానికి ఆలోచించడం ఎట్లా నేర్పాలి, తనకు తెలిసినదేదో తెలియనిదేదో తానే చూచుకొనేటట్లు ఎట్లా చేయాలి అన్న ప్రశ్న ఈ కాలపు శిక్షణ కళాశాలలలో పుట్టినదని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. ఈ ప్రశ్నకు మన దేశంలోనే రెండువందల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మనం తప్పక తలచుకోవలసిన ఊళ్ళు మూడు: మద్రాసు, బళ్ళారి, పర్లాకిమిడి. మూడింటిలోనూ తెలుగువారు తరతరాలుగా కాపురం ఉన్నారు. మూడూ నేడు తెలుగు రాష్ట్రాలకు వెలుపలనే ఉన్నవి. కనుక ప్రవాసాంధ్రులమైన మనకు ఈ కథ పరాయిది కాదు.

మొదట మద్రాసు. 1789లో అక్కడి ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కొరకు ఒక శరణాలయం ఏర్పడినది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశపు మతాచార్యుడు దానికి పర్యవేక్షకుడు. అక్షరాలు రాని చిన్నపిల్లలకు చదువు చెప్పించే పని సాగక ఆయన విసిగి ఉన్నాడు. ఒకనాడు గుఱ్ఱంమీద పోతూ, ఒక వీధిబడి పిల్లలు నేలమీద కూర్చొని ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దుకొంటూ ఉండడం చూచినాడు. తన బడిలో కూడా అట్లే చేయమన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు సమ్మతించకపోతే, జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేండ్ల బాలుణ్ణి చిన్న తరగతికి గురువుగా నిలిపినాడు. అది నెగ్గినది. క్రమంగా అది పిల్లలే పిల్లలకు చెప్పే బడి అయినది. 1797లో బెల్ దీనిని గురించి లండనులో పుస్తకం ప్రకటించగా, ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇది ఇంగ్లండులోని వేలకొలది బడులకు ప్రాకినది.

మన వీధిబడులకు ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. అయ్యవారు ఒక్కరు, పిల్లలు పలు ఈడులవారు. పెద్ద పిల్లవాడు చిన్నవానిచేత దిద్దించేవాడు. అట్టివానిని తమిళ దేశంలో సట్టాంపిళ్ళై అనేవారు. ఖర్చు కలిసి రావడానికి ఇది అనుకూలించిన మాట నిజమే. అయినా ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. మరొకరికి చెప్పబోయినప్పుడు గాని మనకెంత తెలుసునో మనకు తెలియదు. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడ మన ఎరుక ఆగిపోయినదన్నమాట. బెల్ తన బడిలో తప్పొప్పుల విచారణను కూడా పిల్లలకే అప్పగించినాడు. వారమంతా జరిగిన తప్పులు ఒక నల్లపుస్తకంలో వ్రాసి ఉంచేవారు. వారం చివర తోటి పిల్లలే పంచాయతీగా కూర్చొని తీర్పు చెప్పేవారు. తన నడతను తాను తూచుకోవడం పిల్లవాడు అక్కడ నేర్చేవాడు.

ఇక బళ్ళారి. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని బడులన్నిటి లెక్క తీయమని కలెక్టర్లను కోరినాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. ఆయన తెలుగు బాగా ఎరిగినవాడు. 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసినాడు. ఆయన లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. రెండు భాషలూ అంత సమంగా మెలగిన సీమ అది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయినది.

పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే తీరును క్యాంబెల్ మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం తగినదే అన్నాడు. అయితే ఆ బడిలోనే ఒక పెద్ద లోపం కూడా చూచినాడు. పిల్లలు పద్యాలు గడగడ అప్పజెప్పుతారు గాని వాటి అర్థం చిలుకకు తెలిసినంతే వారికీ తెలుసు. చాలాచోట్ల అయ్యవారికీ తెలియదు. కారణం కూడా ఆయనే చెప్పినాడు: పద్యాల భాష ఒకటి, జనం మాటలాడే భాష మరొకటి. లిపి ఒకటే కనుక చదవడం వస్తుంది, అర్థం కావడం రాదు.

ఆలోచన నేర్పే సాధనమూ, ఆలోచనను అణచే అలవాటూ ఒకే పందిరి క్రింద ఉన్నవి. పిల్లవాడు పిల్లవానికి నేర్పుతున్నాడు. కాని నేర్పుతున్నది అర్థం కాదు, ధ్వని మాత్రమే.

ఈ లోపం తరువాత ఎనుబది ఏండ్లకు పైగా అట్లే నిలిచినది. 1907లో ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్స్ తెలుగు తరగతులు చూచి, పుస్తకాల భాషకూ జనం భాషకూ ఇంత తేడా ఎందుకని విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగినాడు. గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తిగారిని అడగవలసినదని వారు సూచించినారు. బళ్ళారిలో క్యాంబెల్ వ్రాసిన ఫిర్యాదే ఇక్కడ ప్రశ్నగా తిరిగి వచ్చినది.

రామమూర్తిగారు 1880 నుంచీ పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు; మొదట చెప్పినది చరిత్ర పాఠం. తరగతిగదిలో పిల్లల కష్టం కళ్ళారా చూచినవారు. పిల్లవాడు తాను చదివినదానిని తన మాటలలో చెప్పలేకపోతే, వ్రాయలేకపోతే అది చదువు కాదని వారి వాదం. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య వివాదంగానే తలుస్తాము గాని, దాని వేరు బడిలో ఉన్నది. పండితులు గట్టిగా ఎదిరించినారు; ఆ తరంలో బడిపుస్తకాలు మారలేదు. తరువాతి తరాలలో మారినవి. రామమూర్తిగారు తమ భాషతో ఆగలేదు. కొండలలోని సవర పిల్లలకు తెలుగులో చెప్పినా అది పరభాషే అని గుర్తించి, సవర భాష నేర్చి, పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించినారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు వారు అర్ధశతాబ్దికి పైగా ఉన్న ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళినారు, 1940లో కన్నుమూసినారు.

ఇప్పుడు మన సంగతి. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుతున్నారు. తెలుగు ఇంటిలో మాత్రమే. ఉగాది సభలో మన చిన్నారి వేదికనెక్కి పద్యం తప్పులేకుండా చదివితే మనం సంతోషించి చప్పట్లు కొడతాము. మంచిదే. కంఠస్థం చేయడం తప్పు కాదు. ఎక్కాలూ పద్యాలూ నోటికి వస్తేనే అవసరానికి అక్కరకు వస్తవి. కాని క్యాంబెల్ చూచిన పిల్లవాడే మన వేదికమీద నిలుచున్నాడేమో అని ఒక్కసారి ఆలోచించాలి.

దీనికి ఖర్చేమీ లేదు. పద్యం వచ్చిన పిల్లవానిని మూడు మాటలు అడిగితే చాలు. ఇందులో నీకు తెలియని మాట ఏది? దీని భావం నీ మాటలలో ఎట్లా చెబుతావు? దీనిని నీ తమ్మునికో చెల్లెలికో నేర్పగలవా? మొదటి ప్రశ్న బళ్ళారి నేర్పిన పాఠం, రెండవది పర్లాకిమిడిది, మూడవది మద్రాసుది. జవాబు తడబడినా కోపగించుకోరాదు. ఆ తడబాటు దగ్గరనే పిల్లవాడు తన్ను తాను చూచుకోవడం మొదలుపెడతాడు.

ఈ క్రొత్త సంవత్సరంలో మన ఇండ్లలోనూ, సంఘాలు నడిపే తెలుగు తరగతులలోనూ పిల్లలు అప్పజెప్పడంతోపాటు అడగడం కూడా నేర్తురు గాక. సోదర సోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు.